గుడ్డలో చుట్టిన అయిదు పనిముట్లు

కరకంబాడి రోడ్డు పక్కనున్న రేకుల షెడ్డులో, పోయిన వారం, హంసిని చేతిలోని పానా జారింది. తెల్ల కారు ముందు ఎడమ చక్రం దగ్గర బ్రేకు పైపును పట్టి ఉంచే చిన్న నట్టు ఆరు మూలలూ అరిగిపోయి గుండ్రంగా మిగిలింది. ఆ బండి యజమానురాలు చంద్రకాంతమ్మ రెండడుగుల దూరంలో నిలబడి అదంతా చూసింది.

చంద్రకాంతమ్మకు తిరుపతిలో ఇరవయ్యారు ట్యాక్సీలున్నాయి. కొండకు పోయే యాత్రికులను, రేణిగుంటలో విమానం దిగేవాళ్ళను, శ్రీసిటీ ఫ్యాక్టరీల ఇంజనీర్లను తిప్పే బండ్లవి. ఇన్నాళ్ళూ వాటిని బాగుచేసిన మెకానిక్కు పని మానుకోవడంతో ఆమె కొత్త షెడ్డు కోసం వెతుకుతోంది. శ్రీసిటీలో ఉద్యోగం వదిలి, స్నేహితురాలు రూపశ్రీతో కలిసి రెండు నెలల కిందట షెడ్డు పెట్టుకున్న హంసినికి ఆమె ఒక పరీక్ష పెట్టింది. ఈ బండికి బ్రేకు పైపు మార్చి చూపిస్తే మిగతా బండ్లన్నీ ఇక్కడికే వస్తాయి. నట్టు పాడయ్యాక ఆమె తిట్టలేదు. "నాలుగు గంటలకు మళ్ళా వస్తా. అప్పటికి బండి నడస్తా ఉండాల. లేదంటే లాగించుకొని పోతా" అని వెళ్ళిపోయింది.

హంసిని చిత్తూరులో ఉన్న తన గురువు కుప్పయ్యకు ఫోన్ చేసింది. ఆయన అన్నది రెండే మాటలు. "దాన్ని ఇంక ముట్టుకోవద్దు పాపా. నేను వస్తా ఉండా."

ఒంటిగంటకు ఇంకా పది నిమిషాలుండగా షెడ్డు ముందు ఆటో ఆగింది. కుప్పయ్య ముందు తన ఇనప పెట్టెను దించి, తర్వాత తను దిగాడు. ఆయనకు అరవై నాలుగేళ్ళు. చిత్తూరులో ముప్పై ఎనిమిదేళ్ళు నడిపిన షెడ్డును రెండేళ్ళ కిందటే మూసేశాడు. అది మూసేదాకా హంసిని, శ్రీసిటీలో ఉద్యోగం చేస్తూనే, ప్రతి ఆదివారం పొద్దున్నే బస్సెక్కి చిత్తూరు పోయి ఆ షెడ్డులోనే పని నేర్చుకుంది. ఆచార్యుల ఇంటి పిల్ల గ్రీజు పూసుకుంటుందేమిటని ఊళ్ళో నలుగురూ ముక్కున వేలేసుకున్న రోజుల్లో కూడా ఆయన ఒక్కనాడూ ఆ ప్రస్తావన తేలేదు. మొదటి ఆదివారం ఆమె చేతికి ఒక పాత గేర్ బాక్సును ఇచ్చి, విప్పమని చెప్పి, తన పని తాను చూసుకున్నాడు.

ఇప్పుడూ అంతే. ఏం జరిగిందని అడగలేదు. కుళాయి దగ్గర చేతులు కడుక్కుని, పొడిగుడ్డతో ఒక్కో వేలూ తుడుచుకుని, చక్రం తీసేసిన చోట పీట వేసుకుని కూర్చున్నాడు. కళ్ళు మూసుకుని నట్టు చుట్టూ చూపుడు వేలు తిప్పాడు. రెండుసార్లు తిప్పాడు.

"దేంతో తిప్పినావు?"

హంసిని పది నంబరు పానా అందించింది. ఆయన తన జేబులోంచి అదే కొలత కొత్త నట్టు ఒకటి తీసి పానా నోట్లో పెట్టి ఆడించాడు. నట్టు అటూ ఇటూ కదిలింది.

"సూడు. దీని నోరు తెరుసుకునేసినాది. నువ్వు బలం పెట్టేకొద్దీ ఇంకా తెరుసుకుంటాది. పట్టు రెండు ముఖాల మీదే గదా, ఆ రెండూ జారితే ఇంక నట్టు మిగలదు."

"ఆ పెట్టె కొన్నది నేనే, పెద్దాయనా" అంది రూపశ్రీ. ఆమె ముఖం అప్పటికే ఎర్రబడి ఉంది. షెడ్డుకు కావలసిన వస్తువులు తెప్పించడం, వచ్చినవాళ్ళతో మాట్లాడటం ఆమె పని. "రెండువందల పదహారు వస్తువులు ఒకే పెట్టెలో వచ్చినాయి. మూత మీద జీవితకాలం గ్యారంటీ అని కూడా రాసుండాది. చెన్నై ఏజెంటు చూపించిన విదేశీ సెట్టు కొనే డబ్బుకు ఒక పాత కారే వస్తుంది. అందుకని ఇది తెప్పించినాను. తప్పు నాదే."

"జీవితకాలం అంటే ఎవురిదో రాసినాడా?" అని అడిగాడు కుప్పయ్య. ఎగతాళి లేదు ఆ గొంతులో. రూపశ్రీకి నవ్వొచ్చింది, రాబోయిన ఏడుపు ఆగింది.

"పెట్టె ఇట్ల తీసుకురామ్మా."

ఆ తర్వాత ఆయన చేసిన పని ఇద్దరూ ఊహించనిది. నేల మీద పాత దినపత్రిక పరిచి, ఆ పెట్టెలోని వస్తువులను ఒక్కొక్కటీ తీసి చూసి రెండు కుప్పలుగా పెట్టసాగాడు. ప్రతిదాన్నీ అరచేతిలో తూచేవాడు, వెలుతురుకు తిప్పేవాడు, గోరుతో గీకేవాడు. చెత్తలోకి పోయేదే పెద్ద కుప్ప అవుతుందని హంసిని అనుకుంది. అయిదు నిమిషాలు గడిచేసరికి తెలిసింది, పెద్ద కుప్ప ఉంచుకోవలసినవాటిదని.

"సుత్తి బాగుండాది. దీనికి ఇంతకన్నా ఎక్కువ పెట్టేది దండగ. ఈ పొడుగు కడ్డీలు, ఈ అయస్కాంతం, గీకుడు బిళ్ళ, ఈ పట్టకార్లు, అన్నీ పనికొస్తాయి. స్క్రూడ్రైవర్లు కూడా వాడుకో. అరిగినాక ఇంకోటి తెచ్చుకో. ఈ రింగు పానాలు పెద్దవి, పధ్నాలుగు నుంచి పైకి, ఇవి కూడా మోసం సెయ్యవు."

"అయితే పనికిరానివి?" అంది హంసిని.

ఆయన చిన్న కుప్పను చూపించాడు. పది, పదకొండు నంబర్ల పానాలు, నట్టు మీద గూడులా దిగే చిన్న సాకెట్లు, వాటిని తిప్పే రాచెట్.

"సాకెట్టు లోపల సూడు, ఎన్ని మూలలుండాయి?"

ఆమె లెక్కపెట్టింది. "పన్నెండు."

"నట్టుకెన్ని?"

"ఆరు."

"ఆరు మూలలదానికి ఆరు మూలల గూడే కావాల. పన్నెండుంటే తగిలించేది సులువు, నిజమే. మంచి ఉక్కయితే పన్నెండైనా పట్టు నిలబడతాది. మెత్తటి ఉక్కుతో పన్నెండు సేసినాడంటే, అది బొమ్మ." ఆయన రాచెట్‌ను చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా తిప్పాడు. "లోపల పండ్లు పెద్దవి. సందు లేనికాడ కొంచెమే తిప్పేకి ఐతాది, అప్పుడు దీంట్లో తరవాతి పన్ను అందదు. బలం పెట్టినపుడు పన్ను జారితే నీ చెయ్యి పోయి ఇంజిన్ మీద పడతాది."

ఆయన కుడిచేతి మెటికల మీద తెల్లటి పాత మచ్చ ఉంది. హంసిని దాన్ని ఎన్నో ఆదివారాలు చూసింది. అడగలేదు.

అప్పుడు ఆయన తన ఇనప పెట్టె తెరిచాడు. అందులో తొంభై వంతులు మామూలు సామానే. చిత్తూరు బజారులో ఎవరైనా కొనుక్కోగల పానాలు, పిడి విరిగితే చింత కర్రతో తనే కొత్త పిడి వేసుకున్న సుత్తి, ఒక బండిలో ఒకే ఒక్క మరకు అందేలా కాల్చి వంచుకున్న పానా. వాటన్నిటి కింద ఖాకీ గుడ్డలో చుట్టిన మూట. ఆయన దాన్ని పత్రిక మీద విప్పాడు. అయిదు వస్తువులున్నాయి.

బ్రేకు పైపులకు వాడే, ఒకపక్క చీలిక ఉన్న రింగు పానా ఒకటి. నోరు మూసి బిగిస్తే అలాగే పట్టుకుని ఉండే లాక్ ప్లయర్ ఒకటి. సన్నటి పళ్ళ రాచెట్ ఒకటి. ఆరు మూలల సాకెట్లు ఒక పట్టీకి గుచ్చి ఉన్నాయి. చివరిది, మోచేతి నుంచి వేళ్ళ దాకా ఉన్నంత పొడవు టార్క్ రెంచ్. ఎంత బలంతో బిగించాలో అంకె పెట్టుకుంటే, అంత బలం అందగానే టిక్కుమని చెప్పే పనిముట్టు అది. అయిదూ కొత్తవి కావు. పిడుల మీది గరుకు ఆయన అరచేతికి సరిపడా అరిగి నున్నబడింది. ఎక్కడా చుక్క తుప్పు లేదు.

ఆయన పని ముగించి వీటిని తుడిచి చుట్టిపెట్టడం హంసిని చాలాసార్లు చూసింది. పెద్దాయన అలవాటనుకుంది. అయిదు మాత్రమే ఎందుకు గుడ్డలో ఉంటాయన్నది ఆమెకు అప్పుడు తట్టలేదు.

"ఇవి విదేశానివా మేస్త్రీ?"

"రెండు అట్లాంటివి. మూడు మన దేశానివే. ఊరు పేరు సూసి కొనలేదు పాపా. ఒక్కోటి ఒక్కో తప్పు తర్వాత కొన్నా." ఆయన మెటికల మీది మచ్చను చూసుకున్నాడు. "ఇది రాచెట్టు. నట్టు జారి, సగం ఊడిన బ్రేకు పైపుతో పెండ్లి కారు ఒకటి నా షెడ్డులో నిలబడిపోయినాది, పెండ్లికొడుకు రోడ్డు మీద నిలబడినాడు. ఆ వారమే ఈ రింగు పానా కొన్నా. ఇంజిన్ తల బిగించేకాడ సేతి అంచనా తప్పినాక, ఈ టార్క్ రెంచి. దాని దుడ్డు కూడబెట్టేకి మూడు నెలలు పట్టింది."

"అన్నీ ఒకేసారి మంచివి కొనుంటే తప్పులే జరగవు కదా?" రూపశ్రీ అడిగింది.

"కొన్నోళ్ళను సూసినా. సెట్టు మొత్తం తెచ్చి గోడకు తగిలిస్తారు. దాంట్లో సగం ఎన్నటికీ ముట్టుకోరు. ఏది నీ సేతికి దినామూ వస్తాదో పనే సెప్తాది. అగ్గవగా కొను, వాడు. ఏది రెండుసార్లు విరిగితే దాన్ని మంచిది కొను." ఆయన మూడు వేళ్ళు ఎత్తి చూపించాడు. "కానీ మూడింటికి మాత్రం ఆ నేర్చుకునేది కుదరదు. బండిని నీ నెత్తి మీద మోసే స్టాండు. బ్రేకు మీదికి పోయేది. కొలత సెప్పేది. ఈ మూడూ తప్పినాక నేర్చుకునేకి నువ్వు మిగలొద్దా, నీ బండెక్కినోడు మిగలొద్దా."

షెడ్డులో స్టాండ్లు మంచివే. ఫ్యాక్టరీ అనుభవంతో హంసిని వాటి విషయంలో రాజీ పడలేదు. మిగతా రెండింటి సంగతి ఆమె ఆలోచించలేదు.

"సరే. లెయ్. ఇంక నీ పని."

"మీరు చెయ్యరా?"

"నేను సేస్తే నట్టు ఊడతాది. రేపు ఇంకో నట్టు వస్తాది గదా."

తుప్పు వదిలించే నూనె రెండు చుక్కలు వేసి, పావుగంట ఆగమన్నాడు. వైరు బ్రష్షుతో చుట్టూ రుద్దించాడు. సుత్తితో నట్టు తలపై కాక పక్కన, వేలితో తట్టినంత మెల్లగా తట్టించాడు. తర్వాత లాక్ ప్లయర్ ఆమె చేతిలో పెట్టాడు. దాని వెనక మరను ఎంత తిప్పితే నోరు ఎంత బిగుస్తుందో ఆమె చేతికే తెలిసేదాకా పట్టించి, వదిలించి, మళ్ళీ పట్టించాడు. నాలుగోసారి అది నట్టు మీద కరుచుకున్నప్పుడు హంసిని అరచేతికి అంతకుముందెప్పుడూ తెలియని ఒక నిశ్చయం తెలిసింది. ఇనుము ఇనుమును పట్టుకుంది, మధ్యలో వెంట్రుకవాసి సందు లేదు.

"ఒకే తడవ లాగొద్దు. కొంచెం బిగించు ముందు. ఆ, బిగించే పక్కకే. ఇప్పుడు వదులు పక్కకి."

నట్టు కీచుమంది. ఇంకొంచెం తిప్పింది. అది కదిలింది.

వెనక నుంచి ఎవరో ఊపిరి వదిలిన చప్పుడు వినిపించి ఆమె తల తిప్పింది. చంద్రకాంతమ్మ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. మూడున్నర కూడా కాలేదు. ఎప్పుడొచ్చిందో, ఎంతసేపటి నుంచి చూస్తోందో రూపశ్రీకే తెలుసు.

"నన్ను చూడొద్దు. పని చూడు" అంది చంద్రకాంతమ్మ.

హంసిని పాత పైపు తీసింది. కొత్త పైపును వంకరలు సరిచూసి అమర్చింది. దానితో వచ్చిన కొత్త నట్టును ముందు వేళ్ళతోనే మూడు చుట్లు ఎక్కించి, ఆ తర్వాతే చీలిక ఉన్న రింగు పానా తొడిగింది. పైపు ఆ చీలికలోంచి దూరింది, రింగు దిగి నట్టు ముఖాలన్నిటినీ చుట్టుకుంది. ఇందాక జారిన చోటనే ఇప్పుడు బిగింపు వెన్నలా సాగింది. రూపశ్రీ లోపల కూర్చుని బ్రేకు తొక్కుతూ వదులుతూ ఉంటే పైపులోని గాలి బుడగలన్నీ వెళ్ళగొట్టింది. కాగితం తెచ్చి పైపు అతుకుల కింద పెట్టి, రూపశ్రీ గట్టిగా తొక్కిన తర్వాత తీసి చూపించింది. చుక్క తడి లేదు.

చంద్రకాంతమ్మ లేచి దగ్గరకు వచ్చింది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, నూలు చీర, చేతికి పెద్ద గడియారం. భర్త పోయాక రెండు బండ్లతో మొదలుపెట్టి ఈ ఇరవయ్యారు చేసింది. ఎవరి బండి ఏ మలుపులో ఎంత కుదుపు తింటుందో ఆమెకు తెలుసని డ్రైవర్లు చెప్పుకుంటారు.

"పొద్దున చెడగొట్టినావు. ఇప్పుడు బాగుచేసినావు. ఈ పెద్దాయన రాకుంటే ఏం చేసుండేదానివి?"

"చేసుండేదాన్ని కాదండి. బండిని వేరే షెడ్డుకు నేనే పంపించి ఉంటా."

"రేపు మళ్ళా నీకు తెలియంది ఒకటి వస్తాది. అప్పుడు?"

"తెలియదని ముందు మీకే చెప్తాను. ఆ తర్వాత నేర్చుకుంటాను."

"పొద్దున ఎందుకు చెప్పలే?"

హంసిని దానికి జవాబు వెతుక్కోలేదు. "పొద్దున నాకు తెలియదన్నదే నాకు తెలియదు. పానా పానానే అనుకున్నా. శ్రీసిటీలో నా పనే కొలతలు చూసేది. అక్కడ ఏ పరికరం చేతికి తీసుకున్నా, దాన్ని చివరిసారి ఎప్పుడు సరిచూసినారో చీటీ చూడందే వాడేదాన్ని కాదు. నా షెడ్డుకొచ్చేసరికి ఆ బుద్ధి గేటు దగ్గరే వదిలేసి వచ్చినాను."

చంద్రకాంతమ్మ కుప్పయ్య వైపు చూసింది. ఆయన తన పెట్టెలో ఏదో సర్దుకుంటున్నాడు, వినబడనట్టే ఉన్నాడు.

"చక్రం ఎక్కించు. ఒక చుట్టు తిరిగొచ్చినాక మాట్లాడుకుందాం" అంది చంద్రకాంతమ్మ. ఆమె గొంతు మెత్తబడిందని రూపశ్రీ కనిపెట్టింది.

హంసిని చక్రం ఎక్కించి, నట్లు చేత్తో బిగించి, బండిని కిందికి దించింది. అలవాటుగా గోడకున్న తన టార్క్ రెంచ్ తీసుకుని అంకె నూట పది న్యూటన్ మీటర్ల మీద పెట్టింది. మొదటి నట్టు, టిక్. రెండోది, టిక్. అయిదూ అయ్యాయి.

అప్పుడు ఆమె చెయ్యి ఆగింది. కొలత చెప్పేది. ఇందాక విన్న మాట. ఆమె చేతిలోని రెంచ్ కూడా ఆ రెండువందల పదహారు వస్తువుల పెట్టెతోపాటు వచ్చిందే. దానికి చీటీ లేదు.

"మేస్త్రీ, మీ రెంచ్ ఒకసారి ఇస్తారా?"

కుప్పయ్య దాన్ని అందించాడు. ఆమె అందులోనూ నూట పదే పెట్టి అప్పుడే బిగించిన నట్టు మీద వేసింది. సరిగ్గా ఉంటే వెంటనే టిక్కుమనాలి. అనలేదు. నట్టు తిరిగింది. పావు చుట్టుకు దగ్గరగా తిరిగాక టిక్కుమంది.

హంసిని రెండు రెంచ్‌ల అంకెలనూ పక్కపక్కన పెట్టి చూసింది, రెండూ నూట పదే.

"రెంటిలో ఏదో ఒకటి అబద్ధం చెప్తా ఉండాది" అంది రూపశ్రీ, నెమ్మదిగా.

"నాది ఏటా చెన్నై పంపించి సరిచూపిస్తా. కాగితం పెట్టెలో ఉండాది" అన్నాడు కుప్పయ్య. "అయినా నా మాట నమ్మొద్దు. సూసుకో."

హంసిని చూసుకుంది. ఆ తర్వాతి పది నిమిషాల్లో ఆమె చేసిన పని కుప్పయ్యకు కూడా కొత్తది. తన రెంచ్ తలను బల్లకున్న వైస్ పట్టుడులో బిగించి, పిడి నేలకు సమానంగా ఉండేలా రసమట్టం పెట్టి చూసింది. తల నుంచి చెయ్యి పట్టే చోటికి టేపుతో కొలిచింది. నలభై అయిదు సెంటీమీటర్లు. ఇరవై లీటర్ల నిండు నీళ్ళ క్యాను తెచ్చి సరిగ్గా అక్కడ వేలాడదీసింది. ఆ బరువును ఆ దూరంతో గుణిస్తే తొంభై దాటాలి, నూట పది రాకూడదు. సరైన రెంచ్ అయితే టిక్కుమనకుండా మోసి ఊరుకోవాలి.

క్యాను వదలగానే టిక్కుమంది.

అదే క్యానును కుప్పయ్య రెంచ్‌కు తగిలించింది. మోసింది, ఊరుకుంది. మళ్ళీ తన రెంచ్‌కు తగిలించి, క్యానులోంచి లోటాతో నీళ్ళు తోడుతూ పోయింది. నాలుగు లీటర్లు తీశాకగానీ ఆ రెంచ్ టిక్కుమనడం మానలేదు. గోడ మీద సుద్దముక్కతో లెక్క వేసింది.

"నూట పది అని పెట్టిన చోట ఇది బిగించింది డెబ్బై అయిదే" అంది.

కుప్పయ్య ఆ నీళ్ళ క్యానునూ, సుద్ద అంకెలనూ మార్చి మార్చి చూశాడు. "ముప్పై ఎనిమిదేండ్లలో నాకు తట్టలే ఇది" అన్నాడు. ఆయన అలా అనడం హంసిని ఎన్నడూ వినలేదు. ఇంకో రోజైతే ఆ మాటకే ఆమె కాళ్ళు నేల మీద నిలిచేవి కావు. ఇప్పుడు ఆమె మనసు వేరే చోట ఉంది.

ఈ రెంచ్ వచ్చి తొమ్మిది రోజులయింది. ఈ తొమ్మిది రోజుల్లో చక్రాలు ఊడదీసి బిగించిన బండ్లు మూడు. ఒకటి ఎదురు సందులోనే ఉన్న బ్యాంకు ఉద్యోగిది. రెండోది శ్రీకాళహస్తిలో బడి పంతులుగారిది. మూడోది నిన్న సాయంత్రం వచ్చిన ట్యాక్సీ. టైరు పంక్చరైందని డ్రైవరు తీసుకొస్తే చక్రం విప్పి అతుకు వేయించి బిగించింది. దాని తలుపు మీద చంద్రకాంతమ్మ ట్రావెల్స్ పేరే ఉంది.

రూపశ్రీకి కూడా అదే లెక్క తట్టింది. హంసిని చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది.

"ఇప్పుడే చెప్పాల్నా? ఆమె ఒప్పుకునే దాకా వచ్చింది. ఆ డ్రైవరు నంబరు నా దగ్గరుండాది. బయటికి పోయి నేనే ఫోన్ చేస్తా. బండి ఆపించి, పోయి బిగించొద్దాం. ఎవరికీ తెలియదు."

తప్పుడు సలహా ఇచ్చిందని రూపశ్రీని ఎవరూ అనలేరు. ఆమె ఆ షెడ్డు కోసం ఎంత తిరిగిందో హంసినికి తెలుసు. హంసిని ఆమె చేతిని ఒకసారి నొక్కి వదిలేసి, చంద్రకాంతమ్మ ముందుకు వెళ్ళి నిలబడింది.

"అమ్మా, మీ బండి ఇంకోటి నిన్న నా దగ్గరికి వచ్చింది. ఎల్లప్ప అనే ఆయన నడుపుతాడు. ముందు ఎడమ చక్రం నేనే బిగించినాను, ఇదే రెంచ్‌తో. ఉండాల్సినంత బిగువు లేదు. ఆయన బండి ఎక్కడుందో కనుక్కుని వెంటనే ఆపించండి."

చంద్రకాంతమ్మ ఆమె ముఖంలోకి చూసింది. కోపమో, మరొకటో ఆ చూపులో తెలియలేదు. ఆమె వెంటనే ఫోన్ తీసి, నంబరు నొక్కి, అందరికీ వినబడేలా పెట్టింది.

"అమ్మా" అన్నాడు ఎల్లప్ప. గాలి హోరు వినిపిస్తోంది.

"యాడ ఉండావు?"

"కొండ దిగతా ఉండానమ్మా. నెల్లూరోళ్ళు, ఆరుమంది. నేనే ఫోన్ సేద్దామనుకుంటి. ముందు ఎడమ పక్క టకటకమని సప్పుడు వస్తా ఉండాది. మలుపుల్లో జాస్తిగా ఉండాది. కిందికి పోయినాక సూపిద్దామని..."

"ఎల్లప్పా, ఆపు. పక్కకు తీసి బండి ఆపు, అందరినీ దించు."

జవాబు లేదు. ఆమె ఫోన్‌ను చెవికి ఆనించుకుంది, తెర చూసింది. లైను తెగిపోయి ఉంది. ఆ మాట అతనికి చేరిందో లేదో తెలియదు. మళ్ళీ నొక్కింది. అందుబాటులో లేదన్నారు. మళ్ళీ నొక్కింది.

కుప్పయ్య టార్క్ రెంచ్, సాకెట్ల పట్టీ తెచ్చి హంసిని చేతుల్లో పెట్టాడు. "పో పాపా. బిన్నా పో. తక్కిన రెండు బండ్ల సంగతి నేనూ ఈ పాపా సూసుకుంటాం." రూపశ్రీ అప్పటికే బ్యాంకు ఉద్యోగికి ఫోన్ చేస్తోంది.

హంసిని తెల్ల కారు దగ్గరకు పరుగెత్తింది. మిగతా నాలుగు నట్లనూ కుప్పయ్య రెంచ్‌తో బిగించడానికి నిమిషం కన్నా తక్కువ పట్టింది. ఆమె స్టీరింగు ముందు కూర్చునేసరికి పక్క తలుపు తెరుచుకుంది. చంద్రకాంతమ్మ ఎక్కి కూర్చుని బెల్టు పెట్టుకుంది.

"ఈ బండికి బ్రేకులు నువ్వే వేసినావు గదా. నడుపు" అంది.

రోడ్డు మీదికి వచ్చాక హంసినికి ఇంకో సంగతి గుర్తొచ్చింది. కొండ దిగే దారి దిగడానికే. కింది నుంచి ఆ దారిలో పైకి ఏ బండినీ పోనివ్వరు. ఎల్లప్ప ఏ మలుపు దగ్గర ఉన్నాడో తెలిసినా, కొండ కింద అలిపిరి దగ్గర నిలబడి అతను దిగివస్తాడా అని చూడటం తప్ప దారి లేదు. లేదా అక్కడి గేటు దగ్గర కాపలా ఉన్నవాళ్ళను ఒప్పించాలి. ఏమని ఒప్పించాలి?

చంద్రకాంతమ్మ నాలుగోసారి నంబరు నొక్కింది. పలకలేదు. ఆమె ఫోన్‌ను ఒళ్ళో పెట్టుకుని, ముందున్న రోడ్డునే చూస్తూ, "నాకు చెప్పకుండా కూడా ఉండుండొచ్చు నువ్వు" అంది.

హంసిని సమాధానం చెప్పేలోగా ఒళ్ళోని ఫోన్ మోగింది. చంద్రకాంతమ్మ తెర వైపు చూసింది. అది ఎల్లప్ప నంబరు కాదు. ఎత్తింది.

"ఈ కారు తలుపు మీదున్న నంబరు మీదేనామ్మా?" అని అడిగింది అవతలి గొంతు, కొండగాలి హోరులోంచి.